తోడికోడలి మందు

మారెక్కకు మడమ నొప్పి వచ్చినప్పుడు ఊరంతా అయ్యో పాపం అన్నది. మూడు నెలలకు మల్లీశ్వరికి అదే నొప్పి వస్తే ఊరు మళ్లీ అయ్యో పాపం అన్నది. మారెక్కను నొప్పి కంటే ఈ రెండో అయ్యో పాపమే ఎక్కువ బాధపెట్టింది.

మల్లీశ్వరి ఆమెకు తోడికోడలు. బాలప్ప పెళ్లాం మారెక్క, బాలప్ప తమ్ముడు తిప్పేష్ పెళ్లాం మల్లీశ్వరి. చిలమత్తూరు నుంచి నాలుగు మైళ్లు లోపలికి పోతే వచ్చే బూదిగుట్టపల్లిలో ఈ రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. మారెక్క ఎర్రరాయి ముక్కుపుడక పెట్టుకుంటే నెల తిరక్కుండా మల్లీశ్వరి ముక్కుకూ ఎర్రరాయి మెరిసింది. మారెక్క గొర్రెపిల్లను సాకితే గోడ అవతల కూడా ఒక పిల్ల అరిచింది. సరే, పోనీలే అనుకుంది. కానీ కాలి నొప్పి కూడా తనను చూసే తెచ్చుకోవాలా? మనిషికి అంత ఆశ దేనికి? ఇది న్యాయమైన ఆలోచన కాదని మారెక్కకూ తెలుసు. తెలిసినంత మాత్రాన ఆలోచన ఆగుతుందా.

అసలు మంట ముక్కుపుడకది కాదు, జడ్డిగానిది.

వేరుశెనగ విత్తేటప్పుడు ఎద్దుల వెనక గొర్రు నడుస్తుంది. గొర్రు పళ్లకు వెదురు గొట్టాలుంటాయి. ఆ గొట్టాలన్నీ పైన కలిసేచోట ఒక చెక్క గిన్నె ఉంటుంది. దాన్నే జడ్డిగం అంటారు. గొర్రు పక్కనే నడుస్తూ, ఒడిలోని విత్తనం పిడికిట్లోకి తీసుకుని, వేళ్ల సందుల్లోంచి ఆ గిన్నెలోకి తెగకుండా పోస్తూ పోవాలి. చెయ్యి తొందరపడితే గింజలు గుంపుగా పడతాయి. తడబడితే సాలులో సందులు పడతాయి. మట్టి మూసేశాక ఎవరికీ ఏమీ కనపడదు గానీ, పది రోజులకు మొలక లేచాక ఎవరి చెయ్యి ఎలాంటిదో ఊరంతా చూస్తుంది.

బయ్యన్న ఊళ్లో పెద్ద రైతు. ఆయన పన్నెండెకరాల ఎర్రచేలో ఇరవై రెండేళ్లుగా జడ్డిగం మారెక్కదే. మొదటి పిడికెడు ఆమె చేత్తో పడకుండా ఆ చేలో గొర్రు కదిలేది కాదు. ఆ పొద్దున బయ్యన్న భార్య యశోదమ్మ ఆమెకు బొట్టు పెట్టి, రవికగుడ్డ ఇచ్చి, కాళ్లకు నీళ్లు పోసి చేలోకి పంపేది. మారెక్క కాళ్లకు ఇంకొకరు నీళ్లు పోసేది సంవత్సరం మొత్తంలో ఆ ఒక్కరోజే. దానికోసం ఆమె మిగిలిన మూడువందల అరవై నాలుగు రోజులూ బతికేది అంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టవుతుంది. చాలా ఎక్కువ మాత్రం కాదు.

మల్లీశ్వరిది వెనకపని. గొర్రుకు తాడుతో కట్టిన ఒంటి గొట్టం పట్టుకుని, కంది గింజలు వేస్తూ నడవాలి. కంది కాబట్టి గింజ అటూ ఇటూ పడినా ఎవరూ ఏమీ అనుకోరు. పద్నాలుగేళ్లు ఆమె మారెక్క వీపు చూస్తూ నడిచింది. ఒక్క సాలు జడ్డిగం పట్టనియ్యమని రెండు మూడుసార్లు అడిగింది కూడా. మారెక్క ఇవ్వలేదు. ఆ పిల్ల పాడు చేస్తుందని కాదు. బాగా పోస్తుందేమోనని.

ఇద్దరికీ ఒకటే నొప్పి. పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే మడమలో తుమ్మముల్లు దిగినట్టుండేది. పది అడుగులు నడిస్తే కొంచెం సర్దుకునేది. కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. రెండువేల మూడో సంవత్సరం మొదట్లో ఒకరోజు ఇద్దరూ ఒకే బస్సులో హిందూపురం పోయి, ఒకే ఎముకల డాక్టరు దగ్గర, ఒకరి తర్వాత ఒకరు ఎక్స్‌రే తీయించుకున్నారు. ఇద్దరి మడమల్లోనూ ఎముక ముల్లులాగా పెరిగి ఉంది. డాక్టరు రెండు ఫిల్ములూ వెలుతురుకు పట్టి చూపించాడు. మారెక్క అడిగిన మొదటి ప్రశ్న, ఎవరి ముల్లు పెద్దది అని. నీదే కొంచెం పెద్దదమ్మా అన్నాడు డాక్టరు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మారెక్క మొహంలో ఒక తృప్తి ఉంది.

ముల్లు పెద్దదైనంత మాత్రాన నొప్పి పెద్దది కాదని, ఎంతోమందికి ముల్లు ఉన్నా నొప్పే ఉండదని డాక్టరు అన్న మాట ఆమె చెవికి ఎక్కలేదు. అసలు బాధ అరికాలి కింద పట్టీలాగా ఉండే పొరదనీ, అది బిగుసుకుపోయిందనీ ఆయన చెప్పాడు. వందలో తొంభైమందికి ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. మెత్తటి చెప్పులు వేసుకోవాలి. మాత్రలు పది రోజులకు మించి మింగకూడదు. పిక్కనూ అరికాలినీ సాగదీసే కసరత్తు రోజూ చెయ్యాలి. మూడు నాలుగు నెలలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే సూది సంగతి చూద్దాం. ఇద్దరికీ ఇవే మాటలు చెప్పాడు. విన్న చెవులే వేరు.

మల్లీశ్వరి ఆ కసరత్తును పట్టుకుంది. పొద్దున మంచం దిగకముందే పాతచీర పేలిక కాలివేళ్లకు తగిలించి తనవైపు లాక్కునేది. తర్వాత గోడకు రెండు చేతులూ ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ నేలనుంచి లేపకుండా ముందుకు వాలి ముప్ఫై లెక్కపెట్టేది. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు. ఆ తర్వాత సీసాలో చన్నీళ్లు పోసి అరికాలి కింద అటూ ఇటూ దొర్లించేది. మెత్తటి నల్ల ఎంసీఆర్ చెప్పులు కొనుక్కుని ఇంట్లో కూడా విప్పేది కాదు. ఆమె చేతులానించిన గోడ ఇద్దరి మధ్య ఉన్న ఆ గోడే.

దీనికి మారెక్క గోడమందు అని పేరు పెట్టింది. బోరింగు దగ్గర ఆడవాళ్ల ముందు బిందె దించి, కొంగు నడుముకు చుట్టి, మల్లీశ్వరి గోడ తోసే తీరు చేసి చూపించేది. మా తోడికోడలు ఇంకో నెల తోసిందంటే గోడ పడిపోయి నా వంటింట్లోకి వస్తుందని చెప్పేది. అందరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. మల్లీశ్వరి అటుగా వస్తే నవ్వు ఆపడానికి ఎవరూ పెద్దగా కష్టపడేవాళ్లు కాదు. ఆమె ఏమీ అనకుండా నీళ్లు పట్టుకుని పోయేది. ఆ ఏమీ అనకపోవడం మారెక్కకు ఇంకా ఒళ్లు మండించేది.

గోడమందును అంత ఎగతాళి చేశాక తాను గోడ ముట్టుకునే దారి మారెక్కకు లేకుండా పోయింది. కాబట్టి మిగిలినవన్నీ చేసింది. మాత్రలు రెండు రోజుల్లోనే నొప్పిని అణిచేశాయి. పది రోజులని చెప్పినవాటిని ఆమె నెల మింగింది. చివరికి మడమ సంగతి మరిచిపోయి, కడుపు పట్టుకుని పెరుగన్నం మాత్రమే తినే స్థితికి వచ్చింది. తర్వాత ఇటుక. రోజూ సాయంత్రం ఇటుక కాల్చి, మీద జిల్లేడాకులు పరిచి, గుడ్డ చుట్టి మడమ ఆనించి తొక్కేది. తొక్కినంతసేపూ ప్రాణం హాయిగా ఉండేది, తెల్లారేసరికి ముల్లు ముల్లే. అట్లా కాదని గొర్రెలకు వాతలు పెట్టే ఈశ్వరప్ప దగ్గరకు పోయి మడమ పక్కన వాత పెట్టించుకుంది. ఆ పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. నొప్పి పోయిందా అని యశోదమ్మ అడిగితే, పుండు సలుపుకు అది వినపడలేదమ్మా అని నిజమే చెప్పింది.

మెత్తటి చెప్పులు మాత్రం బాగానే పనిచేశాయి. ఆ సంగతి ఆమె పైకి ఒప్పుకోలేదు. మల్లీశ్వరివి నల్లవి కాబట్టి తాను నీలంవి కొంది. కానీ చెప్పులతో చిక్కేమిటంటే, విత్తనం పడే చేలోకి ఆ ఊళ్లో ఎవరూ చెప్పులతో అడుగు పెట్టరు. గొర్రు కట్టిన రోజు రైతైనా, కూలిమనిషైనా ఒట్టికాళ్లే. ఇంట్లో మడమను మెత్తగా చూసుకుని ఏం లాభం, చేలో నడిచే రోజున పనికిరానప్పుడు?

ఏప్రిల్లో సూది వేయించుకుంది. అది మాత్రం మందంటే మందు. నాలుగు రోజులకు మడమ కొత్త పెళ్లికూతురి మడమలాగా అయింది. మారెక్క పని ఉన్నా లేకపోయినా రెండు బిందెలు ఎత్తుకుని మల్లీశ్వరి వాకిలి ముందునుంచి పోయేది, మళ్లీ వచ్చేది. నీ గోడకు మూడు నెలలు, నా సూదికి నాలుగు రోజులు అని వీధిలో అందరికీ లెక్క చెప్పింది. డాక్టరు సూది వేస్తూ, నొప్పి తగ్గిన ఈ కొన్నాళ్లలో కసరత్తు చేసుకోవాలనీ, లేకపోతే మళ్లీ వస్తుందనీ, మాటిమాటికీ సూది వేస్తే అరికాలి పట్టీ తెగే ప్రమాదం ఉందనీ చెప్పాడు. తగ్గింది కదా, ఇంకా కసరత్తెందుకు అనుకుంది మారెక్క. మే నెల చివర్లో ఒక పొద్దున మంచం దిగితే ముల్లు మళ్లీ దిగింది. హిందూపురం పోయి రెండో సూది అడిగితే, ఇంత తొందరగా వెయ్యనని డాక్టరు ఖండితంగా చెప్పాడు.

సంవత్సరం మొదటినుంచే ఆమెకు ఒక అలవాటు పట్టుకుని ఉంది. పొద్దున కళ్లు తెరవగానే గోడ అవతలి అడుగులు వినేది. జనవరిలో మల్లీశ్వరి అడుగుల్లో ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా వినపడేది. ఆ చప్పుడు వింటే మారెక్కకు తన నొప్పి కొంచెం తగ్గినట్టుండేది. ఉగాదికి తేడా తగ్గింది. జూన్ వచ్చేసరికి రెండు అడుగులూ ఒకటే చప్పుడు చేస్తున్నాయి. మంచం మీద కూర్చుని, కాలు కింద పెట్టడానికి భయపడుతూ, మారెక్క ఆ సమానమైన అడుగులు వినేది. ఒక మనిషి కులాసాగా నడవడం ఇంకో మనిషికి ఇంత కష్టమవుతుందని ఆమెకు అంతకుముందు తెలియదు.

జూన్ మధ్యలో బయ్యన్న బాలప్పను పిలిచి మాట్లాడాడు. ముందటేడు వాన లేక విత్తనమే తిరిగి రాలేదు. ఈసారి ఒక్క సాలు కూడా పాడు కావడానికి లేదు. మారెక్కకు కాలు బాగాలేదు కాబట్టి ఈ ఏడు మల్లీశ్వరి జడ్డిగం పడితే ఎట్లుంటుందని అడిగాడు. బాలప్ప ఆ మాట తెచ్చి సంగటి తినేటప్పుడు మారెక్క ముందు పెట్టాడు. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"నేను సచ్చినాక పట్టమను," అంది. "కాలు నాది. నడిచేది నేను. ఆయప్పకు చెప్పు, ఎప్పుడు కట్టినా గొర్రు పక్కన మారెక్కే ఉంటాదని."

బాలప్ప చెప్పాడు. బయ్యన్న సరేనన్నాడు, సందులు పడకుండా చూసుకో అన్నాడు.

మరుసటి రోజునుంచి మారెక్క గోడమందు మొదలుపెట్టింది. ఇంటి గోడ దగ్గర కాదు. వెనక పశువుల కొట్టంలో, తలుపు దగ్గరకేసి, ఎద్దులు తప్ప ఎవరూ చూడకుండా. పనిలో ఆమెకు తెలిసిన లెక్క ఒకటే. మనిషి రెండు మునుములు, అంటే రెండు వరసలు, కలిపి చేస్తే కలుపు సగం రోజులో అయిపోతుంది. ఆ లెక్కనే కాలికీ వేసింది. మల్లీశ్వరి రోజుకు ఇరవైసార్లు మూడు నెలలు చేసింది కాబట్టి, తాను రోజుకు రెండువందలసార్లు చేస్తే పదిరోజుల్లో తేలిపోవాలి. పళ్లు కరుచుకుని చేసింది. మూడోరోజుకు పిక్క గడ్డకట్టింది. ఆరోరోజుకు మడమ వాచింది. అయినా ఆపలేదు.

జూలై మొదటి వారంలో వాన పడింది. ఒక రాత్రీ ఒక పగలూ ఆగకుండా కురిసింది. ఎర్రనేల మూరెడు లోతు తడిసింది. ఆ పదును ఆరేలోపు, అంటే రెండు మూడు రోజుల్లో, విత్తనం నేలలో పడాలి. పడకపోతే ఆ ఏడు అంతే.

యశోదమ్మ బొట్టు పెట్టింది. రవికగుడ్డ ఇచ్చింది. కాళ్లకు నీళ్లు పోసింది. ఆమె నీళ్లు పోస్తున్నప్పుడు వాచిన మడమ కనపడకుండా మారెక్క చీర కుచ్చెళ్లు కిందికి జార్చుకుంది. మొదటి పిడికెడు కళ్లకద్దుకుని జడ్డిగంలో పోసింది. బాలప్ప ఎద్దులను అదిలించాడు. గొర్రు కదిలింది. వెనక కంది గొట్టం పట్టుకుని మల్లీశ్వరి, ఆమె వెనక చాలా దూరంగా, ఇంకో జత ఎద్దులతో గుంటక తోలుకుంటూ సాళ్లు మూసే తిప్పేష్. ఆ చేలో ఆ రోజు ఉన్నది ఈ నలుగురే. బయ్యన్న కాసేపు గట్టు మీద నిలబడి చూసి, తృప్తిగా తలూపి, ఇంటికి పోయాడు.

నాలుగైదు సాళ్లు బాగానే సాగాయి. తడినేల మెత్తగా ఉంది. తర్వాత మడమ నొప్పి లేచింది. మారెక్క మడమ ఆనించకుండా మునివేళ్ల మీద నడవడం మొదలుపెట్టింది. దాంతో ఒళ్లు ఒకపక్కకు ఊగింది. ఒళ్లు ఊగితే చెయ్యి ఊగింది. ఇరవై రెండేళ్లుగా తన నైపుణ్యం అంతా చేతిలో ఉందనుకుంది ఆమె. చెయ్యి తాళం తీసుకునేది కాళ్లనుంచి అని, కాలు తప్పినరోజు తెలిసింది. గొట్టాల్లో గింజలు రాలే చప్పుడు ఎప్పుడూ ఆగని చప్పుడు. అది ఇప్పుడు తెగుతోంది, ఒక్కసారిగా గలగలమంటోంది, మళ్లీ తెగుతోంది. ఎద్దులు తోలే బాలప్పకు ఆ చప్పుడు తెలుసు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. మారెక్క అతనివైపు చూసిన చూపుకు మళ్లీ ఎద్దులవైపు తిరిగిపోయాడు.

మట్టి మూసేస్తుంది కదా, అనుకుంది. పది రోజులు గడువుంది. సందులు కనపడితే కాకులు తిన్నాయనవచ్చు, ఉడతలు తిన్నాయనవచ్చు.

పదకొండో సాలు చివర గొర్రు తిప్పుతున్నప్పుడు ఆమె వెనక్కి చూసింది. తిప్పేష్ గుంటక ఇంకా అంతదూరం రాలేదు. తెరుచుకుని ఉన్న సాళ్ల వెంట మడమ గుర్తులున్నాయి. మామూలు అడుగులు కావు. గుండ్రంగా, లోతుగా, కావాలని నొక్కినట్టున్నాయి. ఒకచోట రెండు, కొంతదూరం ఏమీ లేదు, మళ్లీ ఒకటి. మల్లీశ్వరి నడకలో పొగరు పెరిగిందనుకుంది మొదట. తర్వాతి సాలు మధ్యలో ఒక్కసారిగా తల తిప్పి చూసింది. మల్లీశ్వరి కంది గొట్టం వదలకుండానే, ఒడిలోంచి రెండు గింజలు తీసి సాలులో వేసి, మడమతో నొక్కి, నడిచింది. అవి కందులు కావు. వేరుశెనగ గింజలు.

మారెక్కకు మొదట సిగ్గేసింది. సిగ్గు కంటే వేగంగా కోపం వచ్చింది. తన సందులన్నీ ఈ పిల్ల చూస్తోంది. చూసి కేకలు వేసి ఊరికి చెప్పినా బాగుండేది. ఏమీ అనకుండా పూడుస్తోంది. అన్నిటికంటే ఎక్కువగా ఆమె కళ్లు పట్టుకున్నది ఆ మడమను. ఒళ్లు బరువంతా దాని మీద మోపి నేలను నొక్కుతోంది మల్లీశ్వరి, మొహంలో చిన్న గీత కూడా పడకుండా. అలా నొక్కగలిగే మడమ కోసం మారెక్క ఆ క్షణాన ఏమైనా ఇచ్చేసేది.

మధ్యాహ్నం కానుగచెట్టు కింద సంగటికి కూర్చున్నారు. మగవాళ్లు ఎద్దులకు నీళ్లు పెట్టడానికి పోయారు. మారెక్క ముద్ద ముట్టుకోలేదు.

"నీ ఒడిలో బుడ్డలెందుకుండాయి?" అంది.

మల్లీశ్వరి తల ఎత్తలేదు. "నువ్వు సూసినావు కదక్కా."

"ఎవురు పూడ్చమన్నారు నిన్ను?"

"ఎవురూ అనలేదు. మొలకల్లో సందులు కనపడితే నీ పేరు పోతాది. నీకు జడ్డిగమంటే ఏమో నాకు తెలుసు." మల్లీశ్వరి ఇంకో మాట అంది. "ఇరవైసార్లే అక్కా. రెన్నూరు కాదు. కొట్టం సందులోంచి నాకు కనపడతాది. నువ్వు మోకాలు వంచుతాండావు. అందుకే వాచింది."

మారెక్కకు చెంప మీద కొట్టినట్టయింది. బోరింగు దగ్గర తాను చేసిన ఎగతాళికి ఆ పిల్ల ఒక్క మాట తిరిగి అని ఉంటే, ఇద్దరూ జుట్లు పట్టుకుని ఉంటే, ఇప్పుడు ఇంత మంట ఉండేది కాదు. కొట్టంలో తన రహస్యం తెలిసి కూడా నోరు మూసుకుని ఉంది. ఎన్నాళ్లనుంచి?

ముందు రెండు దారులున్నాయి. మల్లీశ్వరిని అలాగే పూడ్చనివ్వచ్చు. పది రోజులకు చేను నిండుగా మొలుస్తుంది, మారెక్క చెయ్యి అని ఊరు మెచ్చుకుంటుంది. ఆ మెప్పు మల్లీశ్వరి మడమ మీద నిలబడి ఉంటుంది. రోజూ పొద్దున గోడ అవతల ఆ అడుగులు వినేటప్పుడల్లా, నా పేరును తొక్కుతూ నడుస్తోంది అనిపిస్తుంది. అది మాత్రం మారెక్క వల్ల కాదు. రెండో దారి జడ్డిగం వదిలేయడం. ఆమె రెండోదే పట్టుకుంది. ఇది మంచితనం అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఒకరికి రుణపడటం కంటే ఓడిపోవడం ఆమెకు తేలికగా కనపడింది, అంతే.

"లే," అంది. "జడ్డిగం నువ్వు పట్టు. కంది నేనేస్తా. ఆ బుడ్డలు ఇట్లియ్యి."

మల్లీశ్వరి నమ్మలేనట్టు చూసింది. తర్వాత లేచి, ఒడిలోని వేరుశెనగ గింజలను మారెక్క ఒడిలోకి వంపింది. ఇప్పుడు సందులు పూడ్చే వంతు నాది అనుకుంది మారెక్క. నువ్వు పోస్తావు, నీకూ సందులు పడతాయి, మొదటిసారి పట్టినవాళ్లకు పడకుండా ఉంటాయా, నేను వెనకాల పూడుస్తా, అప్పుడు నువ్వు నాకు రుణపడతావు. ఆ ఆలోచన మీద ఆమె కాలు కింద పెట్టి లేచింది.

బాలప్ప వచ్చి చోట్లు మారడం చూశాడు. ఎద్దులను అదిలించాడు.

మారెక్క జీవితంలో మొదటిసారి గొర్రు వెనక నడిచింది. ముందు ఎద్దులు కనపడవు, చేను కనపడదు, మల్లీశ్వరి వీపు కనపడుతుంది. ఒక చేత్తో గొట్టం పట్టుకుని, ఇంకో చేత్తో కందులు వేస్తూ, ఒక కాలు ఈడ్చుకుంటూ నడుస్తూ, ఆమె కళ్లు మాత్రం సాళ్లనుంచి తియ్యలేదు. మొదటి సాలు పోయింది. సందు లేదు. కొత్త మోజు, అనుకుంది. రెండో సాలు పోయింది. మూడు, నాలుగు పోయాయి. గొట్టాల్లో గింజల చప్పుడు తెగలేదు. మల్లీశ్వరి రెండు కాళ్లూ సమానంగా, మడమ ఆనించి, మునివేళ్లకు బరువు మార్చి, మళ్లీ మడమ ఆనించి నడుస్తున్నాయి. ఆ నడకకు తగ్గట్టు చెయ్యి కదులుతోంది. పిడికిలి ఖాళీ అయ్యేముందు మణికట్టు కొంచెం లోపలికి తిప్పి, తెగకుండా రెండో పిడికిలి అందుకునే తీరును మారెక్క గుర్తుపట్టింది. అది తనదే. ఎవరికీ నేర్పలేదు, ఎవరికీ చెప్పలేదు. పద్నాలుగేళ్లు ఈ వెనకనుంచే చూసి దొంగిలించింది.

దొంగముండ, అనుకుంది. ఒక్క సందు పడనీ, అనుకుంది. ఒక్కటి చాలు.

పొద్దు వాలింది. ఒడిలోని వేరుశెనగ గింజలు ఒక్కటి కూడా తగ్గలేదు.

బయ్యన్న మళ్లీ చేను గట్టుకు వచ్చాడు. జడ్డిగం దగ్గర మల్లీశ్వరిని చూసి కనుబొమ్మలు ముడిచాడు. గొర్రు ఆపించి మారెక్కను పిలిచాడు. ఆమె కుంటుకుంటూ గట్టు దగ్గరకు పోయింది. గొర్రు పక్కన మల్లీశ్వరి పిడికిలి మూసుకుని నిలబడింది. మాటలు వినపడేంత దూరమే. ఆమె ఇటు చూడలేదు.

"ఆ పిల్ల ఎట్ల పోస్తాండాది మారెక్కా?" అన్నాడు బయ్యన్న. "మట్టి కింద నాకేం తెలుస్తాది. నువ్వే చెప్పల్ల. బాగలేదంటే రేపటికి చిలమత్తూరు నుంచి ఎవుర్నన్నా పిలిపిస్తా. ఇంగ ఆయమ్మను జడ్డిగం ముట్టుకోనియ్యను."

ఒక్క మాట చాలు. కొంచెం సందులు పడుతున్నాయన్నా అంటే చాలు. సాళ్లన్నీ మూసుకుపోయాయి. పొద్దున పోసినవీ, మధ్యాహ్నం పోసినవీ అన్నీ ఒకే మట్టి కింద ఉన్నాయి. ఎవరు పోసిన సాలు ఏదో ఎవరికీ తెలియదు. వచ్చే ఏడుకు మడమ బాగైతే జడ్డిగం మళ్లీ తనదే. మల్లీశ్వరి మళ్లీ వెనకాల, కంది గొట్టంతో. ఆ ఒక్క మాట నాలుక మీదికి వచ్చింది కూడా. మల్లీశ్వరి పాదాల వైపు చూసింది. ఎర్రమట్టి పూసుకున్న ఆ రెండు మడమలూ నేల మీద సమానంగా ఆని ఉన్నాయి.

"పొద్దున నేను పోసినదానికంటే బాగుండాదన్నా," అంది.

బయ్యన్న నవ్వాడు. నీకంటే బాగా పోసేవాళ్లు ఉంటారా అన్నట్టు చెయ్యి ఆడించాడు.

"నవ్వద్దన్నా. పొద్దున సాళ్లల్లో సందులు పడినాయి. నాకు కాలు నిలవలేదు. ఎనకాల వస్తా ఆ పిల్లే పూడ్చింది. ఇప్పుడు పూడ్చేకి నాకు ఒక్క సందూ దొరకలేదు."

బయ్యన్న నవ్వు ఆగిపోయింది. ఆయన మారెక్క మొహంలోకి చూశాడు, తర్వాత ఆమె కాలివైపు చూశాడు. గొర్రు దగ్గర మల్లీశ్వరి ఇటు తిరిగింది. మారెక్క ఆమె కళ్లలోకి చూడలేకపోయింది. నిజం చెప్పినందుకు మనసు తేలికపడుతుందంటారు. ఆమెకు అలాంటిదేమీ కాలేదు. లోపలి మంట ఎంత ఉందో అంతే ఉంది, ఇంకొంచెం పెరిగింది కూడా.

కుంటుకుంటూ గొర్రు దగ్గరకు తిరిగి వచ్చింది. ఒడి ముడి విప్పి, ఒక్కటి కూడా వాడని ఆ వేరుశెనగ గింజలన్నీ మల్లీశ్వరి ఒడిలో పోసింది.

"నిలబడి సూస్తావేమే," అంది. "పదును ఆరిపోతాది. నడువు."

అని చెప్పి, కంది గొట్టం అందుకుని, తోడికోడలి వీపు వెనక నిలబడింది.